ఆక్సిను అన్వేషణ

కిటికీలో పెట్టిన మొక్క వెలుతురు వైపు వంగుట మనమందరము ఎరిగినదే. చార్లెస్ డార్విను తన కుమారుడు ఫ్రాన్సిస్‌తో కలిసి గడ్డిమొలకలపై ప్రయోగములు చేసి, 1880లో ఒక వింత ప్రకటించెను. వెలుతురును గ్రహించునది మొలక కొన. వంగునది దాని క్రింది భాగము. కొనకు చిన్న టోపీ తొడిగినచో మొలక వంగదు. అనగా కొన నుండి క్రిందికి ఏదో సందేశము పోవుచున్నదన్న మాట.

ఆ సందేశము ఒక పదార్థమని రూఢిగా చూపినవాడు హాలండు దేశస్థుడైన ఫ్రిట్స్ వెంట్. 1926-28 సంవత్సరములలో ఆయన యూట్రెక్టు నగరమున ఓట్సు మొలకల కొనలను కోసి, అగారు జిగురుపై కొంతసేపు ఉంచెను. పిమ్మట కొనలను పారవేసి, ఆ జిగురు ముక్కను తల తెగిన మొలకపై ఒక ప్రక్కగా పెట్టెను. చీకటిలోనే మొలక రెండవ ప్రక్కకు వంగినది! ఒక హద్దు వరకు, పదార్థము ఎంత ఎక్కువైన వంపు అంత ఎక్కువ. కంటికి కనబడని దానిని వంపు కోణముతో కొలుచుటకు వీలు కలిగినది.

అయితే మొలకలలో అది బహు స్వల్పము. అందుచే అదే నగరములో కోగెల్, ఆయన సహాయకులు మనుష్యుల మూత్రమును ఆశ్రయించిరి. పాఠకులు ముక్కు మూసుకొనవలదు. ఓట్సు పరీక్షలో అది చక్కగా నెగ్గినది. 1931లో ‘ఆక్సిను-ఏ’, తరువాత ‘ఆక్సిను-బి’ లభించినవని ప్రకటించిరి. 1934లో మూడవది వచ్చినది: ఇండోల్ ఎసిటిక్ ఆమ్లము. మొదటి రెండే అసలైనవని తలచి, దీనికి ‘హెటెరో ఆక్సిను’ అని, అనగా వేరు ఆక్సినని, సవతి బిడ్డకు పెట్టినట్లు పేరు పెట్టిరి. ఈ ఆమ్లము రసాయనజ్ఞులకు 1885 నుండి తెలిసినదే.

ఏ, బి లను మరల ఎవ్వరును తీయలేకపోయిరి. 1946లో లేత మొక్కజొన్న గింజల నుండి లభించినది ఆ సవతి బిడ్డయే. 1966లో దాచియుంచిన పాత నమూనాలను మాస్ స్పెక్ట్రోమీటరుతో పరీక్షింపగా అవి చెప్పిన పదార్థములే కావని తేలినది. అప్పటికి ఆ పేర్లు పాఠ్యగ్రంథములకెక్కి చాల కాలమైనది. ఇంత ఆలస్యముగా పరీక్షించుట శాస్త్రమునకు శోభ కాదు.

కణజాల వర్ధనమునకు ప్రాణము పోసినదియు ఈ ఆమ్లమే. 1902లో హాబర్లాండ్ ఆకు కణములను పోషక ద్రవములో పెంచజూచెను. అవి బ్రతికినవి గాని ఒక్కటియు విభజన చెందలేదు. 1939 నాటికి పారిసులో గోత్రే ఇండోల్ ఎసిటిక్ ఆమ్లము కలిపిన మాధ్యమముపై కారెట్టు కణజాలమును ఎడతెగక పెంచగలిగెను. 1957లో అమెరికాలో స్కూగ్, మిల్లర్ అను వారు పొగాకు కణజాలమునకు దీనితోపాటు కైనెటిన్ అను పదార్థమును కలిపిరి. ఆక్సిను పాలు హెచ్చైనచో వేళ్లు, కైనెటిన్ హెచ్చైనచో చిగుళ్లు, రెండును తగుమాత్రమైనచో ఆకారము లేని కణముద్ద వచ్చినవి.

ఈ సహజ ఆక్సినుతో చిక్కు లేకపోలేదు. వెలుతురు దానిని చెరచును. ఆవిరి వేడికి కొంత నశించును. కణజాలములోని ఎంజైములే దానిని హరించును. అందుచే దానిని కొద్ది ఆల్కహాలులోనో క్షారములోనో కరగించి, చీకటి సీసాలో, చల్లని చోట దాచుదురు. పలువురు నిలకడ గల 2,4-డి వంటి కృత్రిమ ఆక్సినులకు మరలిరి. కాని కృత్రిమమైనది కణజాలములో తిష్ఠ వేయుటచే ముద్ద ముద్దగానే మిగిలిపోవుట కలదు. చిగురు కావలసినపుడు, పని చేసి తొలగిపోవు ఆ పాత ఆమ్లమునే నేటికిని కొందరు వెదకుకొందురు.