తొలితరం చదువూ, కథా

ఇంట్లో పుస్తకం లేని విద్యార్థి కళాశాలకు వట్టి చేతులతో రాడు. అవ్వ చెప్పిన కథలూ, ఊరి పేరు వెనకున్న గాథా, కరువుల జ్ఞాపకాలూ వెంట తెచ్చుకుంటాడు. మన విద్యావిధానం వాటిని గడప బయటే వదిలి రమ్మంటుంది. వాటిని లోపలికి రానిచ్చిన అధ్యాపకుల కృషి కూడా సాహిత్య చరిత్రలో భాగమేనని నా అభిప్రాయం.

ఈ సమస్య మన ఒక్కరిదే కాదు. లావోస్ కొండల్లో బతికిన హ్మాంగ్ ప్రజలు 1975 తర్వాత యుద్ధ శరణార్థులుగా అమెరికా చేరారు. వాళ్ల భాషకు నేడు విస్తారంగా వాడుతున్న రోమన్ లిపి ఏర్పడింది 1950లలోనే. అంతవరకు వాళ్ల చరిత్ర ప్రధానంగా నోటి మీదే నిలిచింది. కళాశాల మెట్లెక్కిన వాళ్ల పిల్లలకు హ్మాంగ్ అధ్యాపకులు పెద్దల కథలనే ఆసరాగా చూపుతున్నారు. తమ వారి బతుకు కూడా చదువదగిన విషయమేనన్న ధైర్యం ఆ కథలిస్తాయి.

ఈ ధైర్యాన్ని మా కడప జిల్లాకు ఇచ్చిన వారిలో కేతు విశ్వనాథరెడ్డి ముఖ్యులు. 1939లో రంగశాయిపురంలో పుట్టిన ఆయన అధ్యాపకుడు, కథకుడు, పరిశోధకుడు. కడప జిల్లా ఊళ్ల పేర్ల మీద పరిశోధన చేసి డాక్టరేటు పొందారు. 1974లో వచ్చిన ఆయన కథాసంపుటి పేరు 'జప్తు'. ఆ మాటకు అర్థం తెలియడానికి మా రైతుబిడ్డలకు నిఘంటువు అక్కరలేదు. ఇంట్లో భయంతో విన్న మాట పుస్తకం అట్ట మీద కనిపించినప్పుడు, సాహిత్యం పరాయిదన్న భావం సడలుతుంది. 1996లో ఆయన కథలకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. 2023లో ఆయన కన్నుమూశారు.

ఆయన పనిచేసిన సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని కూడా ఇక్కడ తలచుకోవాలి. 1982లో ఏర్పడిన ఆ సంస్థ దేశంలో ఆ తరహా వాటిలో మొదటిది. 1991లో దానికి అంబేద్కర్ పేరు పెట్టారు. ఇంటరు చదవని వారికి కూడా అర్హతా పరీక్ష ద్వారా డిగ్రీ తలుపు తెరిచింది. పగలు పని చేసుకొని రాత్రి చదివేవాడికి ఎదుట ఉపాధ్యాయుడు ఉండడు, పాఠమే మాట్లాడాలి. మాట్లాడే పాఠం రాయడానికి కథకుడి చెవి కావాలి.

చిలమకూరులో తెలుగు చెప్పే నేను, కళాశాలల్లో చేరిన పాత విద్యార్థులను ఊరి పేర్ల కథలు అడుగుతుంటాను. పులుల మందలు తిరిగినందువల్ల పులివెందుల అయిందని ఒకరంటారు. జమ్మలమడుగులో మడుగు ఏదని మరొకరు ప్రశ్నిస్తారు. అక్కడే చదువు మొదలవుతుంది. ఈ కథ ఎవరు చెప్పారు? ఏ కాలంలో? శాసనం ఏమంటున్నది? కథను గౌరవించడమంటే దాన్ని గుడ్డిగా నమ్మడం కాదు, పరీక్షకు నిలబెట్టడం. ఊరి కథను ప్రశ్నించడం నేర్చినవాడు పాఠ్యగ్రంథాన్నీ ప్రశ్నించగలడు.

2021లో మన రాష్ట్ర ప్రభుత్వం డిగ్రీ కోర్సులన్నిటినీ ఇంగ్లీషు మాధ్యమంలోకి మార్చుతామని ప్రకటించింది. ఇంగ్లీషు రావాలి, పేద బిడ్డకు మరీ రావాలి. కాని అర్థంకాని వాక్యాలను బట్టీ పట్టి, నోరు మెదపకుండా మూడేళ్లు గడిపే విద్యార్థికి పట్టా దొరుకుతుందేమో గాని గొంతు దొరకదు. మొదట తన కథ తన మాటల్లో చెప్పనిస్తే, రెండో భాషలో మాట్లాడే ధైర్యం కూడా అందులోంచే వస్తుంది. తెలుగు అధ్యాపకులూ, రచయితలూ పూనుకోవలసిన పని ఇది. సిలబస్ పూర్తి కావాలని కథ మానేసేవారు, ఆ సిలబస్ ఎవరి కోసమో ఆలోచించాలి.