చెన్నపురి పూదోటలు – తెలుగు పేరులు

పువ్వును ఛాయాచిత్రము తీయుట ఇప్పుడు మిక్కిలి సులభమైన పని. జేబులోని టెలిఫోనులోనే కెమెరా కలదు. ఉదయకాలమున చెన్నపురి వీథులలో వ్యాహ్యాళికి వెడలినవారు, ఏ ప్రహరీగోడమీదనో కాగితపుపూల గుత్తి కనబడినంతనే ఆగి పటము తీసికొనుచున్నారు. ఏడాది గడచిన పిదప ఆ పటమును చూచి, అది ఎచ్చటిదో, ఆ పువ్వు పేరేమో చెప్పగలవారు మాత్రము అరుదు. పువ్వును గీసి, పేరు చేర్చి భద్రపరచిన సంప్రదాయము ఈ నగరమునకు క్రొత్తది కాదు. అందు మనవారి చేయియు కలదు.

విలియం రాక్స్‌బరో 1776లో వైద్యుడుగా చెన్నపట్టణము చేరెను. పిదప సామర్లకోటలో తోట పెంచి, స్థానిక చిత్రకారులచే మొక్కల చిత్రములను వ్రాయించెను. కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చిన ఆయన గ్రంథము లండనులో 1795 మొదలుకొని వెలువడినది. మూడు సంపుటములు, 300 ఫలకములు. అందు మొక్కల తెలుగు పేరులు చేరినవి. మన సోమిదచెట్టు పేరే శాస్త్రజ్ఞుల నోట ‘సోయ్మిడా’ అయి నేటికిని నిలిచినది. కాని చిత్రించినవారి పేరులు ఆ గ్రంథమున చేరలేదు. మొక్కకు దక్కిన గౌరవము మనిషికి దక్కలేదు.

ఆ లోటు తీరుటకు మరి కొన్ని దశాబ్దములు పట్టినది. 1819లో కంపెనీ వైద్యుడుగా వచ్చిన స్కాట్లండు దేశీయుడు రాబర్ట్ వైట్ దక్షిణదేశపు మొక్కలను సేకరించుచు, రంగయ్య అను చిత్రకారుని కొలువున ఉంచుకొనెను. రంగయ్య తరువాత గోవిందు వచ్చెను. వీరు తంజావూరు చిత్రకార సంప్రదాయమునకు చెందిన తెలుగు కుటుంబములవారని పరిశోధకుల అభిప్రాయము. దేవతామూర్తులకు బంగారు రేకులు అద్దుటకు అలవడిన సంప్రదాయమది. ఆ చేతులే ఇప్పుడు కొమ్మను, ఆకును, మొగ్గను, కేసరమును, చీల్చిన అండాశయమును విడివిడిగా, కొలత తప్పక చూపవలసివచ్చినది. వైట్ శిలాముద్రణము నేర్చి, చెన్నపట్టణముననే ఫలకములను అచ్చువేయించెను. 1838 నుండి 1853 వరకు ఆరు సంపుటములుగా వెలువడిన ఆయన ‘ఐకోనెస్’ గ్రంథమున 2,101 ఫలకములు కలవు. వానిలో అనేకముల అడుగున చిత్రకారుని పేరు అచ్చుపడినది. అంతతో ఆగక, 1853లో ఒక సీతాళీజాతి మొక్కకు వైట్ ‘గోవిందూయియా’ అని గోవిందు పేరే పెట్టెను. తరువాతి శాస్త్రజ్ఞులు దానిని వేరొక ప్రజాతిలో కలిపివేసినారు. అయినను ఒక తెలుగు చిత్రకారుని పేరు వృక్షశాస్త్ర గ్రంథములలో పర్యాయనామముగానైనను మిగిలియున్నది.

కెథీడ్రల్ రోడ్డులోని వ్యవసాయోద్యాన సంఘము వైట్ కాలమునందే, 1835లో ఏర్పడినది. దాని స్థలమున కొంత భాగములో 1962 నుండి 2008 వరకు ఉడ్‌లాండ్స్ డ్రైవ్-ఇన్ హోటలు నడచినది. మనవారిలో ఒక తరమువారికి ఆ చోటు పూలకంటె కాఫీకే ఎక్కువ జ్ఞాపకము. 2010లో అచ్చట సెమ్మొళి పూంగా తెరువబడినది. సెమ్మొళి అనగా ప్రాచీన భాష. తెలుగునకును ఆ హోదా 2008లో లభించినది కనుక, ఆ తోటలో మనము పరాయివారమని సంకోచింప నక్కరలేదు.

ఇంక కెమెరా సంగతి. అలెగ్జాండర్ హంటర్ 1850లో చిత్రకళాశాలను స్థాపించెను. ఆయన ఛాయాచిత్రకళను కూడ ప్రోత్సహించెను. 1856లో లినేయస్ ట్రైప్ ప్రభుత్వ ఛాయాచిత్రకారుడుగా నియుక్తుడై, ఆలయములను, కోటలను తీసెను. రాయి కదలదు; పువ్వు చిరుగాలికే కదలును. నాటి కెమెరాకు నిలుకడ కావలెను, రంగు పట్టుట దానికి తెలియదు. అందువలన శిల్పము ఛాయాగ్రాహకుని పాలయినను, పువ్వు చాలకాలము చిత్రకారుని చేతిలోనే ఉండిపోయినది. నేడు మనము అరనిమేషమున తీయు పటమునకు పూర్వము రంగయ్య ఒక పూట కూర్చుండెను.

మైలాపూరులో ప్రారంభించు నడక మనకు మిక్కిలి చేరువయినది. లజ్ ప్రాంతమున నాగేశ్వరరావు పార్కు కలదు. అమృతాంజనము, ఆంధ్రపత్రిక స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేర వెలసినదది. పిల్లలు అందు పరుగులిడుచున్నారు, పెద్దలు చుట్టు తిరుగుచున్నారు. ఆ నాగేశ్వరరావు ఎవరని అడిగినచో చెప్పువారు కొద్దిమందియే. పంతులుగారి నివాసము పేరు శ్రీబాగ్. బాగ్ అనగా తోటయే కదా! 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకులు ఆ ఇంటనే కూడి ఒడంబడిక చేసికొనిరి. మైలాపూరులోనే, రాయపేట హైరోడ్డున బులుసు సాంబమూర్తిగారి ఇంట, 58 దినముల నిరశనము పిదప 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారు ప్రాణము విడిచిరి. మరుసటి ఏడు అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినది. చెన్నపురి అందు చేరలేదు. వెళ్ళినవారు వెళ్ళిరి, మనము ఉండిపోతిమి. తోటలకు పెట్టిన పేరులును ఉండిపోయినవి.

త్యాగరాయనగరమును, దాని నడుమనున్న పానగల్ పార్కును గూర్చియు ఇట్లే చెప్పవలసియున్నది. పిట్టి త్యాగరాయ చెట్టిగారు, 1921 నుండి 1926 వరకు ప్రధానమంత్రిగా ఉండిన పానగంటి రామరాయణింగారు, ఇరువురును తెలుగువారే. సినిమా పరిశ్రమ ఇచ్చట వర్ధిల్లిన దినములలో తెలుగు రచయితలు సాయంకాలము ఆ పార్కులో చేరుచుండిరి. ఇటీవల మెట్రో రైలు భూగర్భ నిర్మాణమునకై ఆ ఉద్యానమున కొంత భాగమును తవ్విరి. పాత పటములు ఎవరి ఇంటనైన ఉన్నచో, అవి ఇప్పుడు చరిత్రకు ఆధారములే.

తోట పోవుట ఈ నగరమున వింత కాదు. 1859లో గవర్నరు ట్రెవెలియన్ ఏర్పరచిన పీపుల్స్ పార్కు 116 ఎకరముల ఉద్యానము. 1883లో విజయనగర ప్రభువు పూసపాటి ఆనందగజపతిరాజుగారు శంకుస్థాపన చేసిన విక్టోరియా పబ్లిక్ హాలు ఆ పార్కు స్థలములోనే లేచినది. పిమ్మట రిప్పన్ భవనము, క్రీడారంగము మొదలయినవి దానిని ఆక్రమించినవి. జంతుశాల 1985లో వండలూరికి తరలినది. మిగిలినది స్వల్పము. మనిషి విడిచినదానిని గాలి విడువదు: 2016 డిసెంబరు 12న వర్దా తుఫాను వేలకొలది చెట్లను ఒక్కదినమున కూల్చినది.

పూలకాలమును గూర్చి ఒక హెచ్చరిక. ఆంధ్రదేశపు ఋతువుల లెక్క ఇచ్చట సరిగా నడువదు. చెన్నపురికి పెద్దవాన ఆశ్వయుజ కార్తికములలో వచ్చును. రేల, తురాయి మాత్రము ఎండలు ముదురగనే ఇరుదేశములందును ఒక్కసారిగా విరియును. తురాయి మడగాస్కరు ద్వీపమునుండి వచ్చినది. తలపాగలోని కుచ్చును చూచి దానికి ఆ పేరు పెట్టినవాని కన్ను మిక్కిలి పదునైనది. మన పిల్లలు రేలను కొన్రై అనియు, పారిజాతమును పవళమల్లి అనియు ఎరుగుదురు. అది దోషము కాదు, ఇరుగుపొరుగు ఇచ్చిన సొత్తు. కపాలీశ్వరాలయపు స్థలవృక్షమైన పున్నై మన పొన్నయే యనియు, తిరువొత్తియూరు ఆలయమునందలి మగిళము మన పొగడయే యనియు తెలిసినచో రెండు సొత్తులు కలుగును. త్యాగరాజస్వామి త్రిపురసుందరిని కీర్తించినది ఆ తిరువొత్తియూరులోనే.

కావున పటము తీసినవారు దాని క్రింద తేదీయు, వీథియు, రెండు భాషలలో పువ్వు పేరును వ్రాసియుంచవలెనని నా మనవి. మాఘమాసము వెళ్ళునప్పటికి గులాబిరంగు టబెబుయా పూయుట మొదలిడును. అమెరికా ఖండమునుండి వచ్చిన ఆ చెట్టు ఆకులు రాల్చి, కొమ్మ నిండ పూచి నిలుచును. అందరి కెమెరాలును దానివైపే తిరుగును. దానికి మన ఇండ్లలో తెలుగు పేరు ఇంకను కుదిరినట్లు లేదు.