విదేశాల్లో చైనా విద్యార్థులు: సాంస్కృతిక సర్దుబాటు చరిత్ర

చైనా ప్రభుత్వం తన పిల్లలను పాశ్చాత్య దేశానికి చదువుకు పంపడం 1872లో మొదలైంది. దీని వెనకున్న మనిషి యుంగ్ వింగ్. 1854లో యేల్‌లో పట్టా అందుకున్న ఈయన అమెరికా విశ్వవిద్యాలయ పట్టభద్రుల్లో తొలి చైనీయుడు. తనకు దక్కిన చదువు తన దేశపు పిల్లలకూ దక్కాలని ఏళ్ల తరబడి అధికారుల చుట్టూ తిరిగాడు. చివరికి ఉన్నతాధికారులు జెంగ్ గువోఫాన్, లీ హోంగ్‌జాంగ్‌ల అండ దొరికింది. 1875 వరకు ఏటా 30 మంది చొప్పున 120 మంది బాలురు అమెరికా వెళ్లారు. వారిలో ఎక్కువమంది గ్వాంగ్‌డాంగ్ ప్రాంతం వాళ్లు. అనుకున్న గడువు 15 ఏళ్లు. ఈలోగా పిల్లవాడికి ఏం జరిగినా సర్కారుకు బాధ్యత లేదని ఇంటివాళ్లు కాగితం రాసిచ్చారు.

అక్కడి హార్ట్‌ఫర్డ్, స్ప్రింగ్‌ఫీల్డ్ పరిసరాల్లో పిల్లలను ఇద్దరు ముగ్గురు చొప్పున స్థానిక కుటుంబాలకు అప్పగించారు. ఈ పథకం మొత్తంలో ఇంతకంటే మంచి నిర్ణయం మరొకటి లేదు. 1873లో వచ్చిన లీ యాన్ ఫూ తన జ్ఞాపకాల్లో ఆ తొలి రోజులను రాసుకున్నాడు. ఆతిథ్యమిచ్చిన ఇల్లాలు ఎదురొచ్చి ముద్దు పెట్టుకుంటే బిత్తరపోయాడట. పసితనం దాటాక అతన్ని అలా ముద్దాడినవారు లేరు. ఆదివారం బడికి వెళ్దామంటే బడే అనుకుని బయల్దేరి, తీరా అది చర్చి అని తెలిసి పిల్లలు అక్కణ్ణుంచి పరుగు తీశారు. పొడుగాటి అంగీలు, జడలు చూసి వీధి పిల్లలు ఆడపిల్లలని గేలి చేసేవారు. అంగీలు పోయి కోట్లు వచ్చాయి. జడ మాత్రం చైనాను ఏలుతున్న మంచూ చక్రవర్తి పట్ల విధేయతకు గుర్తు. కత్తిరించుకుంటే ఇంటికి పంపేయడమే. దాన్ని కోటు లోపలో టోపీ కిందో దాచుకుని బేస్‌బాల్ ఆడారు.

పిల్లలు కుదురుకున్న కొద్దీ, వారిని చూసుకోవడానికి చైనా పంపిన పర్యవేక్షకులకు కలవరం పెరిగింది. చైనా పాఠాలు మరుస్తున్నారు, చర్చికి వెళ్తున్నారు, పెద్దలకు వంగి దండం పెట్టడం లేదని చైనా ప్రభుత్వానికి నివేదికలు వెళ్లాయి. వెస్ట్ పాయింట్, అనాపొలిస్ సైనిక విద్యాలయాల్లో చేర్చుకోవడానికి అమెరికా నిరాకరించింది. చైనీయులపై ద్వేషమూ ముదురుతోంది. 1881లో అందరినీ వెనక్కి పిలిచారు. అప్పటికి పట్టా చేతికొచ్చినవాళ్లు ఇద్దరే.

అసలు కష్టం తిరిగొచ్చాక ఎదురైంది. షాంఘైలో దిగినవాళ్లను కాపలా మధ్య నడిపించి, చెమ్మ నిండిన పాత బడిలో రోజుల తరబడి ఉంచారు. తర్వాత ఎవరి ఇష్టంతోనూ పని లేకుండా టెలిగ్రాఫ్, నౌకాదళం, గనుల పనులకు పంచారు. ఆ దుఃఖాన్ని కొందరు హార్ట్‌ఫర్డ్‌లోని పెంపుడు తల్లులకు ఉత్తరాల్లో చెప్పుకున్నారు. బీజింగ్ – జాంగ్‌జియాకౌ రైలుమార్గాన్ని 1909లో పూర్తిచేసిన ఇంజనీరు జాన్ తియాన్‌యౌ ఈ బాలుల్లో ఒకడే. 1912లో చైనా రిపబ్లిక్ తొలి ప్రధాని అయిన టాంగ్ షావోయీ కూడా.

అమెరికా తర్వాత వంతు జపాన్‌ది. 1896లో 13 మందితో మొదలైన అక్కడి చదువులు పదేళ్లు తిరిగేసరికి వేల సంఖ్యకు చేరాయి. 1904లో సెండాయ్ వైద్య పాఠశాలలో చేరిన, తర్వాత రచయితగా పేరు పొందిన లూ షున్‌కు అవమానాలు తప్పలేదు. పరీక్ష పాసైతే ప్రశ్నలు ముందే తెలిసి ఉంటాయని సహవిద్యార్థులు అనుమానించారు. అక్కడే ఫుజినో అనే అధ్యాపకుడు ఆయన రాసుకున్న పాఠాలను తెప్పించుకుని, ప్రతి పంక్తినీ ఎర్ర సిరాతో దిద్ది ఇచ్చేవాడు. లూ షున్ ఆ గురువు ఫొటోను బీజింగ్‌లో తన గది గోడకు తగిలించుకున్నాడు. 1920లో 16 ఏళ్ల వయసులో ఫ్రాన్స్ వెళ్లిన, తర్వాత చైనా అధినేత అయిన డెంగ్ షియావోపింగ్‌కు చదువుకన్నా కర్మాగారాల్లో చాకిరీయే ఎక్కువ మిగిలింది.

ఆ డెంగ్ హయాంలోనే, 1978 డిసెంబరులో, 52 మంది పండితులు అమెరికా బయల్దేరడంతో తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి. 2019–20 నాటికి అక్కడి చైనా విద్యార్థులు 3,72,532 మంది. నివేదికలు రాసే పర్యవేక్షకులు ఇప్పుడు లేరు. విద్యార్థులందరినీ తలుపు తీసి లోపలికి పిలిచే ఇళ్లూ లేవు. యుంగ్ వింగ్ చదివిన యేల్‌లోనే 130 మంది చైనా విద్యార్థులు పాల్గొన్న సర్వే 2013లో అచ్చయింది. 45 శాతం మందిలో కుంగుబాటు, 29 శాతం మందిలో ఆందోళన లక్షణాలు కనిపించాయి. పరిశోధన గైడ్‌తో సంబంధం సరిగా లేనివారిలో ఈ రెండూ ఎక్కువ. క్యాంపస్‌లో కౌన్సెలింగ్ సదుపాయం ఉందన్న సంగతే 27 శాతం మందికి తెలియదు.