హెబ్రీ అక్షరం, ఆంగ్ల మీట

1980వ దశకంలో మిషిగన్, క్లేర్‌మాంట్ పండితులు పాత నిబంధన హెబ్రీ మూలపాఠాన్ని కంప్యూటరుకెక్కించినప్పుడు ఆంగ్ల మీటల గుర్తులనే వాడారు. ఆలెఫ్‌కు, అయిన్‌కు బ్రాకెట్లే దిక్కయ్యాయి. 1991లో యూనికోడ్ హెబ్రీ అక్షరాలకు స్వంత సంకేతాలిచ్చింది. పఠన స్వరచిహ్నాలు 1996లో చేరాయి.

అయినా చిక్కు తీరలేదు. కీబోర్డును హెబ్రీకి మార్చగానే, ఆంగ్లాక్షరాలతో నడిచే 'విమ్' ఎడిటరు ఆజ్ఞలు పనిచేయవు. 2001లో వెలువడిన విమ్ 6.0లోని 'కీమ్యాప్' దీనికి మార్గం చూపింది: కీబోర్డు మార్చనక్కరలేదు; పాఠం వ్రాసేటప్పుడు మీటలు హెబ్రీ, ఆజ్ఞలిచ్చేటప్పుడు అవే మీటలు ఆంగ్లం.

ఇది సౌకర్యం మాత్రమే కాదు. షీన్‌ను సీన్ నుండి వేరుచేసేది ఒక్క చుక్క. మాటిమాటికి కీబోర్డు మార్చుకునే తొందరలో అది జారితే పదమే మారవచ్చు. మూలపాఠాన్ని ఎత్తి వ్రాసే సేవకుని దృష్టి మీటలపై కాక వాక్యంపై నిలవాలి.