టెంక మీంచి పాలరాతికి

ఇటలీలోని బొలోన్యాలో సాన్ పెట్రోనియో అని ఓ పెద్ద చర్చి ఉంది. దాని ముందుగోడ కింద పాలరాయి, పైన ఉత్త ఇటుక. ఈనాటికీ పూర్తి కాలేదు. 1525 ప్రాంతంలో దానికి శిల్పాలు చెక్కినవాళ్ళలో ఓ ఆడమనిషి ఉందంటే మొదట నేను నమ్మలేదు. ఆమె ప్రొపెర్జియా దె రోస్సి.

ఆవిడ చెయ్యి తిరిగింది పీచ్ పండు టెంకల మీద! మనం తిని పారేసే టెంక మీద క్రీస్తు శిలువ కథంతా, అంతమంది మనుషులతో చెక్కిందట. ఆ తరవాత చర్చి పని అడిగింది. తన పనితనానికి నమూనాగా ఓ ప్రభువు ముఖం పాలరాతిలో మలిచి చూపించింది. పని దొరికింది.

ఆవిడదని చెప్పే పలక ఇప్పుడు ఆ చర్చి మ్యూజియంలో ఉంది. బైబిల్లోని యోసేపు కథ. పోతీఫరు భార్య మంచమ్మీద కూచుని, పారిపోతున్న యువకుడి పైబట్ట పట్టుకుంది. ఆ పట్టు చూస్తే వదిలేలా లేదు సుమండీ!

1550లో వాసరి కళాకారుల చరిత్రలు రాస్తూ ఆడవాళ్ళలో ఈవిడొక్కదానికే అధ్యాయం ఇచ్చాడు. ఇచ్చి ఏమన్నాడూ? తనకి దక్కని ఓ కుర్రాడి మీది వలపునే రాతిలో దింపిందన్నాడు. అంటే ఆ పోతీఫరు భార్య ఆవిడేనన్నమాట! మగశిల్పిని ఇలా ఆరా తీస్తారా? అమికో అనే చిత్రకారుడు అసూయకొద్దీ చెడ్డగా చెప్పి, ఆవిడకి మరీ తక్కువ కూలి ఇప్పించాడని కూడా ఆయనే రాశాడు. అదెవరికీ గుర్తుండదు. ఆవిడ మాత్రం పాలరాయి వదిలేసి రాగిరేకుల మీద చెక్కుకుంది.

1530లో పోప్ అదే చర్చిలో చక్రవర్తికి కిరీటం పెట్టి, ఆ అమ్మాయేదీ అని అడిగాడట. ఆ వారమే పోయిందని చెప్పారు.