డల్లాస్ నగరపు పింఛను నిధి

నగరమును రాత్రింబవళ్లు కాపాడినవారిని ముదిమిలో నగరమే పోషింపవలెనను మాట కొత్తది కాదు. న్యూయార్కు నగరము 1857లోనే తన పోలీసులకు పింఛను ఏర్పరచెను. ఇంగ్లండులో 1890 నాటి పోలీసు చట్టము, ఇరువదియైదేండ్లు కొలువు చేసినవారికి దానిని హక్కుగా చేసెను. చిక్కంతయు ఆ సొమ్ము ఎక్కడినుండి రావలెననుటలోనే ఉన్నది. మన తెలుగునాట 2004 సెప్టెంబరుకు పూర్వము కొలువున చేరిన పోలీసు పింఛను ఏటికేడు ప్రభుత్వపు రాబడినుండియే వచ్చును. అమెరికా నగరములలో పద్ధతి వేరు. ఉద్యోగి జీతమునుండి కొంత, నగరపు ఖజానానుండి కొంత తీసి నిధిగా కూర్చి, దానిని వ్యాపారములలో పెట్టి, వచ్చిన లాభముతో ముప్పదేండ్ల తరువాతి బాకీ తీర్పవలెను. లాభము తగ్గినచో ఆ లోటు నాడే కంటబడదు. అది పుస్తకములలో పెరుగుచుండును.

నేడు మన తెలుగు కుటుంబములు వేలాదిగా నివసించుచున్న డల్లాస్ ప్రాంతమున ఈ లోటు బయటపడిన తీరు వినదగినది. ఆ నగరపు పోలీసులకును అగ్నిమాపక దళము వారికిని 1916లో ఉమ్మడి పింఛను నిధి ఏర్పడెను. అమెరికాలో సాధారణోద్యోగులకు లభించు సోషల్ సెక్యూరిటీ వీరికి లేదు. అందుచేత వీరి వృద్ధాప్యమునకు ఆ నిధియే ప్రధానమైన ఆధారము.

1993లో అనుభవజ్ఞులు కొలువు విడిచి పోకుండుటకై డ్రాప్ అను ఏర్పాటు తెచ్చిరి. పింఛనుకు అర్హుడైన పోలీసు పదవి వీడక జీతము పుచ్చుకొనుచుండగా, అతని పింఛను వేరొక ఖాతాలో జమయగుచుండును. ఆ ఖాతాకు 8 మొదలు 10 శాతము వరకు వడ్డీ హామీ ఇచ్చిరి! ఎనిమిది శాతమున సొమ్ము తొమ్మిదేండ్లకు రెట్టింపగును. అంత లాభము ఏ వ్యాపారము ఏటేటా తప్పక తెచ్చును? నిధి పాలకమండలిలో అధికసంఖ్యాకులు ఆ నిధి సభ్యులే గనుక, వడ్డీ నిర్ణయించువారును పుచ్చుకొనువారును ఒక్కరే యైరి. వారిని దురాశాపరులనుట న్యాయము కాదేమో గాని, అట్టి స్థానమున కూర్చున్నవారు తమ చేయి తాము పట్టుకొనుట అరుదు.

హామీ నిలుపుకొనుటకు పెద్ద లాభములు కావలసి వచ్చెను. నిధి సొమ్ము హవాయి దీవులలో విలాస గృహములకును, కాలిఫోర్నియాలోని నాపా ద్రాక్షతోటలకును ప్రవహించెను. డల్లాస్ నడిబొడ్డున 42 అంతస్తుల మ్యూజియమ్ టవర్ అను అద్దాల మేడ లేచెను. ఆ అద్దాలపై పడిన ఎండ పరావర్తనము చెంది, ప్రక్కనున్న నాషర్ శిల్ప ప్రదర్శనశాలపై మండిపడెను. వాస్తుశిల్పి రెంజో పియానో మెత్తని వెలుతురు కొరకు కట్టిన పైకప్పుగుండా తీక్ష్ణమైన కాంతి చొరబడెను. పోలీసుల పింఛను సొమ్ము శిల్పములకు ఎండ తగిలించినదని వివాదము ఏండ్ల తరబడి నడచెను. అంతకు మించిన సంగతి, ఆస్తుల విలువ ఎక్కువగా లెక్కగట్టినట్లు తరువాత తేలుట.

2016 జూలై 7న డల్లాసులో ఐదుగురు పోలీసులు తుపాకి గుండ్లకు బలియైరి. నగరమంతయు వారికై కన్నీరు కార్చెను. ఆ యేటి శరత్కాలముననే బ్రతికియున్న వారి సహోద్యోగులు నిధి కార్యాలయమునకు పరుగెత్తిరి. వాగ్దానము చేసిన పింఛనులలో సగమైనను తీర్చుటకు ఆస్తి చాలదని లెక్కలు చెప్పుచుండెను. డ్రాప్ ఖాతాలనుండి కొద్ది నెలలలోనే 50 కోట్ల డాలర్లకు పైగా వెళ్లిపోయెను. మేయరు మైక్ రాలింగ్స్ న్యాయస్థానమునకెక్కెను. డిసెంబరులో మండలి చెల్లింపులు నిలిపివేసెను. ముందుగా పరుగెత్తినవారు పూర్తిగా తెచ్చుకొనిరి. నిధిపై నమ్మకముంచి వేచినవారు చిక్కుకొనిరి. ఈ వ్యవహారమున నాకు మిక్కిలి బాధాకరముగా తోచినది ఇదియే.

ఇంతకన్న కఠినమైన గతి పట్టిన ఊళ్లును కలవు. అలబామాలోని ప్రిచర్డ్ పట్టణము 2009లో పింఛనులు చెల్లించుటయే మానెను. రోడ్ ఐలండులోని సెంట్రల్ ఫాల్స్ 2011లో దివాలా తీయగా, కొందరి పింఛను సగమునకు పైగా తెగిపోయెను.

డల్లాసును ఆ గతినుండి తప్పించుటకు టెక్సస్ శాసనసభ 2017లో చట్టము చేసెను. ఉద్యోగి చందా జీతములో 13.5 శాతముగను, నగరపు చందా 34.5 శాతముగను నిర్ణయింపబడెను. ధరలనుబట్టి పింఛను పెంచు పద్ధతి ఆగెను. మిగిలిన డ్రాప్ సొమ్ము ఒక్కసారిగా గాక, జీవితకాలమునకు పంచి నెలనెలా ఇచ్చునట్లు మార్చిరి. వెనుకటివారు 50 ఏండ్లకే పొందిన పూర్తి పింఛను కొరకు, కొత్తగా చేరిన యువకుడు 58 వరకు వేచియుండవలెను. వడ్డీ ముచ్చట తెలియనివాడే దాని భారము మోయవలసి వచ్చెనన్నమాట.

చట్టము వచ్చిన తరువాతను వివాదము ఆగలేదు. 2024 నవంబరులో, నగర మండలి సభ్యులలో పలువురు వద్దని వారించినను, పెరిగిన ఆదాయములో కనీసము సగము ప్రధానముగా ఆ పింఛను నిధికే కేటాయింపవలెనని డల్లాస్ ఓటర్లు నగర శాసనమును సవరించిరి.