సీలేరు కరెంటు - పొరుగు వాటాలు

భద్రాచలం మీద కలం పట్టినవాళ్ళం రామదాసు దగ్గర మొదలుపెట్టి రామదాసు దగ్గరే ఆగిపోతున్నాం. ఆ గుడికి తూర్పున, అడవిలో పుట్టే కరెంటుకూ ఒక చరిత్ర ఉంది. పొరుగు ప్రభుత్వాలకు ఉమ్మడి ఇంధన విధానం సాధ్యమా అని అడిగేవారికి నేను చూపేది ఆ చరిత్రనే.

నది ఒకటే. ఎగువన దాని పేరు మాచ్‌ఖండ్, దిగువన సీలేరు. 1946లోనే మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వాలు దానిపై ఒప్పందానికి వచ్చాయి. 1955లో మాచ్‌ఖండ్ కేంద్రం మొదలైంది. తొలి వాటా 70:30. పెద్ద వాటా మద్రాసుదీ, వారసత్వంగా ఆంధ్రదీ. 1962లో బలిమెల నీళ్ళను చెరిసగం పంచుకున్నారు. ఆంధ్ర వంతు సగం ఎగువ సీలేరు, డొంకరాయి దాటివచ్చి పొల్లూరులో 460 మెగావాట్ల కేంద్రాన్ని తిప్పుతుంది. కనుక పొరుగువాళ్ళు కలిసి కరెంటు తీయడం గాలిలో మాట కాదు. కాని పంచుకున్నవి నీళ్ళూ మెగావాట్లూ మాత్రమే. బలిమెల జలాశయం ఒరిస్సా వైపు నూటయాభై పైగా ఆదివాసీ గ్రామాలను బయటి లోకం నుంచి తెంచేసింది. వాటికి వంతెన 2018లో గాని రాలేదు.

కొన్నేళ్ళ కిందట చింతూరు నుంచి మోతుగూడెం పోతూ ఒక కోయగూడెంలో ఆగాను. గూడెం నెత్తిమీదుగా టవర్ల తీగలు పోతున్నాయి. "కరెంటు ఉందా తాతా?" అంటే ఆ ముసలాయన తల పైకెత్తి, "పైన ఉంది బాబూ" అన్నాడు. అంత పెద్ద లైనులోంచి గూడేనికి తీగ లాగలేరు, సబ్‌స్టేషను కావాలి, నిజమే. ఆ సబ్‌స్టేషను ఖర్చు ఎవరి వాటాలో వేయాలన్నది మాత్రం ఇంజనీరు తేల్చే ప్రశ్న కాదు. అది రాజకీయార్థిక శాస్త్రం.

సరిహద్దుల సంగతి మరీ విచిత్రం. తూర్పుగోదావరిలో ఉన్న భద్రాచలం తాలూకాను 1959లో ఖమ్మంలో కలిపారు. 2014లో పోలవరం ముంపు పేరుతో ఏడు మండలాలను ఆంధ్రకు ఇచ్చేశారు. భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలో మిగిలింది. ఆ మండలాలతో పాటు పొల్లూరు కేంద్రమూ పోయింది. విద్యుత్తును తెలంగాణకు 53.89, ఆంధ్రకు 46.11 శాతంగా పంచిన ఏడాదీ అదే. పొల్లూరు పోయిందన్న బాధ తెలంగాణను వీడలేదు. ఇటు పాల్వంచలో 1966 నుంచి సింగరేణి బొగ్గుతో కరెంటు తీస్తున్నారు. బొగ్గు బాయిలరు చల్లారితే మళ్ళీ రాజుకోవడానికి గంటలు పడుతుంది. నీటి టర్బైను నిమిషాల్లో అందుకుంటుంది. రాత్రింబవళ్ళకు బొగ్గు, సాయంత్రపు గిరాకీకి నీళ్ళు - ఇంజనీర్లకు ఇది ఓనమాలు. గోదావరికి చెరోవైపున ఉన్న ఈ రెండింటినీ ఒకే లెక్కగా చూడాల్సిన చోట ఇద్దరు అన్నదమ్ములు కోర్టుకెక్కినట్టు దస్తావేజులు తిరగేసుకున్నారు.

అదే 2014 నవంబరులో కాఠ్మాండులో సార్క్ దేశాలు విద్యుత్ సహకార ఒప్పందంపై సంతకాలు చేశాయి. నేపాల్, భూటాన్ నదుల కరెంటు సరిహద్దులు దాటాలని నేనూ కోరుకుంటాను. కాని ఆ బల్ల చుట్టూ కూర్చునేవాళ్ళంతా ప్రభుత్వాలే అయితే సీలేరు కథే హిమాలయాల్లో మళ్ళీ నడుస్తుందని నా భయం. పోలవరంలో తలపెట్టిన 960 మెగావాట్లకు వాటాలు అడిగేవాళ్ళు చాలామంది. శబరి గోదావరిలో కలిసే కూనవరం పొలాల వాళ్ళను మాత్రం పునరావాసం పద్దులో రాసుకున్నారు, వాటాదారుల పద్దులో కాదు.